బండి మీద దీవులు – 4వ పాఠం: పోటు, పాటు చూసి రోజు పంచుకోవడం

ముందు పోయిన పాఠం ఇంటిపని చూద్దాం. డిసెంబర్‌లో అండమాన్‌లోని హేవలాక్ దీవి జెట్టీ దగ్గర స్కూటీ తీసుకుని, రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే ఎన్నింటికి బయల్దేరాలి అని అడిగాను. హైదరాబాద్ అలవాటు కొద్దీ "ఐదింటికి" అని రాసుకున్నవాళ్లకి సున్నా. అండమాన్‌లో గడియారం మనదే కానీ, ఆ దీవులు ఎక్కడో తూర్పున 93 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉన్నాయి. డిసెంబర్‌లో ఐదింటికల్లా పొద్దు గుంకేస్తుంది. దారి దాదాపు 12 కిలోమీటర్లు. మూడున్నరకి తాళం తిప్పితే తీరిగ్గా చేరి, ఇసుకలో కూర్చోవచ్చు. వచ్చేటప్పుడు ఎలాగూ అడవి చీకటే. అందుకే బండి తీసుకునేటప్పుడే హెడ్‌లైట్ వేసి చూడమని రెండో పాఠంలో అంత గట్టిగా చెప్పాను.

పొద్దు సంగతి వచ్చేసింది కాబట్టి ఈసారి నీళ్ల సంగతి. దీవుల్లో బండి నడపడం వారం తిరిగేలోపు ఎవరికైనా వస్తుంది. ఏ బీచ్‌కి ఏ వేళకి తిప్పాలో తెలియకపోతే ఆ నడపడం పెట్రోల్ ఖర్చుకే పనికొస్తుంది.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నది. మొదటిసారి నీల్ దీవికి వెళ్లినప్పుడు (కాగితాల మీద షహీద్ ద్వీప్, హేవలాకేమో స్వరాజ్ ద్వీప్; 2018 చివర్లో పేర్లు మార్చారు, జనం నోట్లో మాత్రం పాతవే తిరుగుతుంటాయి) పొద్దున్నే లక్ష్మణ్‌పూర్ సహజ వంతెన (సముద్రపు ఒడ్డున దానంతటదే ఏర్పడ్డ రాతి కమాను) దగ్గరికి పోయాను. రాళ్ల దాకా నీళ్లు. అవతలికి అడుగు పడే దారి లేదు. సరే, మధ్యాహ్నం భరత్‌పూర్ బీచ్‌లో ఈత కొడదామని బండి తిప్పాను. అక్కడ సముద్రం లేదు! ఉంది, కానీ ఎక్కడో దూరంగా. ఈ మధ్యంతా నాచు పట్టిన రాళ్లు, మోకాలి లోతు గుంటలు. ఫోటోల్లో చూసిన ఆ నీలి పచ్చ నీళ్లని మధ్యాహ్నం మింగేసినట్టుంది. ఒకే రోజు రెండు చోట్లకీ సరిగ్గా తలకిందుల వేళకి వెళ్లానన్నమాట.

రెండు రోజుల తర్వాత పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) జంగ్లీఘాట్‌లో, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయన దగ్గర ఈ గోడు వెళ్లబోసుకున్నాను. వల సర్దుకుంటూనే నవ్వాడు. "ఏటి బాబూ, తిథి చూసుకోకుండా సముద్రం కాడికి ఎల్లిపోనారేటి?" అన్నాడు. ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ ఇందుకు కూడా పనికొస్తుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

తిథి ఎందుకంటే, సముద్రాన్ని ముఖ్యంగా లాగేది చంద్రుడు. అండమాన్‌లో రోజుకి రెండుసార్లు నీరు ఎక్కుతుంది, అది పోటు. రెండుసార్లు దిగుతుంది, అది పాటు. ఎక్కిన నీరు పూర్తిగా దిగడానికి ఆరు గంటల పైచిలుకు. చంద్రుడు రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, పోటు కూడా అంతే. పున్నమికీ అమావాస్యకీ సూర్యుడు కూడా చంద్రుడితో కలిసి లాగుతాడు కాబట్టి, ఆ రోజున, ఇంకా చెప్పాలంటే ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో, నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి దాటాక సముద్రం మందకొడి. ఎక్కడమూ తక్కువే, దిగడమూ తక్కువే. పెద్ద పోటుకీ పెద్ద పాటుకీ మధ్య తేడా ఇక్కడ రెండు మీటర్ల దాకా ఉంటుంది. సహజ వంతెన కింద నడవాలంటే పాడ్యమి, విదియ మంచి రోజులు. దశమి నాడు వెళ్లినవాడికి రాళ్ల మీద అంత జాగా దొరకదు.

తిథి చూస్తే ఏ రోజో తెలుస్తుంది, ఏ గంటో తెలియదు. గంట కోసం పోటు పట్టిక చూడాలి. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సంస్థ సముద్రం అంచనాలు ఇస్తుంటుంది, అలలు మరీ ఎత్తుగా లేచే రోజుల హెచ్చరికలు కూడా. పోర్ట్ బ్లెయిర్ పట్టికతో నీల్, హేవలాక్ రెండిటికీ పని జరిగిపోతుంది.

పట్టికలో గంటలు రైల్వే టైములో, నీటి ఎత్తు మీటర్లలో ఉంటాయి. ఇలా కనిపించిందనుకుందాం (లెక్క నేర్పడానికి నేను వేసుకున్న అంకెలివి, టూర్‌కి వాడేయకండి):

10:00 – 2.1
16:00 – 0.3

అంటే పొద్దున పదికి నిండు పోటు, సాయంత్రం నాలుగుకి అడుగు పాటు. తేడా 1.8 మీటర్లు. మరి మధ్యాహ్నం రెండింటికి నీరు ఎంత? ఆరు గంటల్లో 1.8 అంటే గంటకి 0.3 అని సమంగా పంచేయకండి, అక్కడే అందరూ తప్పుతారు. నీరు మొదట నెమ్మదిగా కదిలి, మధ్యలో పరుగందుకుని, చివర్లో మళ్లీ నెమ్మదిస్తుంది. తేడాని పన్నెండు భాగాలు చేసుకుని, గంటకొకటి చొప్పున 1, 2, 3, 3, 2, 1 అని తీసేయండి. ఇక్కడ ఒక భాగం 0.15. పదకొండుకి 1.95, పన్నెండుకి 1.65, ఒంటిగంటకి 1.2, రెండింటికి 0.75, మూడింటికి 0.45, నాలుగుకి 0.3. చూడండి, పన్నెండు నుంచి రెండు లోపలే దాదాపు మీటరు నీరు జారిపోయింది. "ఇందాక ఇక్కడ నీళ్లున్నాయి కదా" అని బీచ్‌లో జనం తెల్లబోయేది ఈ రెండు గంటల్లోనే.

ఇప్పుడు రోజు దానంతటదే అమరిపోతుంది. తొమ్మిదికి భరత్‌పూర్, నీళ్లు నిండుగా ఉంటాయి, పదకొండున్నర దాకా ఈత. ఆ తర్వాత భోజనం, కాసేపు నిద్ర. రెండున్నరకి సహజ వంతెన. నీల్‌లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా బండి మీద పావుగంటే, దూరాల లెక్కే అక్కర్లేదు. నాలుగుకల్లా వెనక్కి తిరిగి లక్ష్మణ్‌పూర్ ఇసుక మీద పొద్దు గుంకడం చూడొచ్చు. నాలుగు తర్వాత నీరు మళ్లీ ఎక్కడం మొదలు, పైగా చీకటి. వంతెన దగ్గర సెల్ఫీలతో ఆలస్యం చేయకండి. రాళ్ల మీద రబ్బరు చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. గుంటల్లో కనిపించేవన్నీ ఉత్త రాళ్లు కావు, వాటిలో ప్రాణమున్న పగడాలూ ఉంటాయి. తొక్కకూడదు, ముక్క తీసి జేబులో వేసుకోకూడదు. అది చట్టప్రకారం నేరం.

బండి ఇసుక మీదకి దింపొద్దని వేరే చెప్పాలా? చెప్పాలి. పాటు వేళ నీటి అంచు దాకా తోలుకెళ్లి, పోటు వేళ నలుగురినీ బతిమాలి లాగించుకున్నవాళ్లని చూశాను. ఇంజిన్‌లోకి ఉప్పునీరు పోతే అడ్వాన్స్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

రాధానగర్‌కి మాత్రం ఈ లెక్కలు పెద్దగా అక్కర్లేదు. అక్కడంతా ఇసుకే, ఏ వేళకి వెళ్లినా సముద్రం సముద్రంలాగే ఉంటుంది. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఎక్కడ కనిపించినా అలంకారం అనుకోకుండా, వల కట్టి చూపించిన చోటే దిగండి. రాధానగర్‌కి వేళతో పని లేదు కాబట్టి, నేనైతే టూర్ వేసేటప్పుడు నీల్‌కి తిథి చూసి రెండు రోజులు ముందు ఖాయం చేసుకుంటాను, మిగిలిన రోజులు హేవలాక్‌కి. ఫెర్రీ టికెట్, గది ఆ తర్వాతే. చాలామంది ఆఫర్‌లో గది దొరికిందని ముందు దాన్ని పట్టుకుంటారు.

ఇంటిపని: పై పట్టిక పున్నమి నాటిదనుకోండి. మీ సెలవు ఆరు రోజుల తర్వాత. రోజుకి 50 నిమిషాల చొప్పున జరిపి, ఆ రోజు పోటు పాటుల వేళలు రాయండి. భరత్‌పూర్, సహజ వంతెనల్లో ఏది ముందు వస్తుంది? ఆ రోజు వంతెన కింద నడిచేంత పాటు ఉంటుందా అన్నది కూడా ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో ఫెర్రీ రద్దయిన రోజున బండిని, గదిని, టికెట్‌ని ఏ వరుసలో సర్దుకోవాలో చూద్దాం.