ఇంజనీరింగ్ డిగ్రీకి క్రెడిట్ల ప్లాను ఎలా వేయాలి? చివరి సెమిస్టర్ నుంచి మొదలుపెట్టండి

అమెరికాలో బీఎస్ ఇంజనీరింగ్‌లో చేరేవాళ్ళు ఎక్కువమంది వేసే ప్లాను ఒట్టి భాగహారం. 128 క్రెడిట్లు, 8 సెమిస్టర్లు, కాబట్టి సెమిస్టరుకు 16. లెక్క తప్పేం కాదు. కానీ ఏ కోర్సు తర్వాత ఏది అన్నది చూడకుండా 16 చొప్పున నింపుకుంటూ పోతే ఐదో ఏడు కూడా ఫీజు కట్టాల్సి వస్తుంది.

ముందుగా మూడు కాగితాలు తెచ్చుకోండి: మీరు చేరిన సంవత్సరపు కేటలాగ్ (డిగ్రీ నియమాలు, కోర్సుల జాబితా), ఏ కోర్సు తర్వాత ఏదో బాణాలతో చూపే డిపార్ట్‌మెంట్ ఫ్లోచార్ట్, మీ డిగ్రీ ఆడిట్ (ఏవి పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే యూనివర్సిటీ రిపోర్టు). సీనియర్ ఇచ్చిన పాత ప్లాను పక్కన పడేయండి, అది వాళ్ళ కేటలాగ్ ప్రకారం వేసింది. స్ప్రెడ్‌షీట్ కూడా వద్దు, పెద్ద కాగితం మీద పెన్సిల్‌తో గీయండి. స్ప్రెడ్‌షీట్ గడుల్లో కోర్సుల పేర్లు కనిపిస్తాయి గానీ వాటి మధ్య బాణాలు కనిపించవు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్రెడిట్లుంటే (హైస్కూల్లోనే పరీక్ష రాసి తెచ్చుకున్నవి) అవి మొత్తంలో కలిశాయా అని కాదు, ఏ కోర్సుకు బదులు లెక్కేశారో ఆడిట్‌లో చూడండి.

ఇక అసలు పని ప్రీరిక్విజిట్ల గొలుసు, అంటే ఒక కోర్సుకి ముందు తప్పక పూర్తిచేయాల్సిన కోర్సుల వరస. సీనియర్ డిజైన్ (చివరి ఏడాది ప్రాజెక్టు కోర్సు) దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. మెకానికల్ వాళ్ళకి చాలాచోట్ల ఇలా ఉంటుంది: సీనియర్ డిజైన్‌కి ముందు మెషిన్ డిజైన్, దానికి ముందు మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్, దానికి స్టాటిక్స్, దానికి ఫిజిక్స్ 1, దానికి కాల్క్యులస్ 1. మొత్తం ఆరు. సీనియర్ డిజైన్ రెండు సెమిస్టర్లు నడిచే చోట ఏడు. ఉన్నవి ఎనిమిది సెమిస్టర్లు. అంటే మీకున్న వెసులుబాటు ఒకే ఒక్క సెమిస్టర్. చేరేటప్పుడు పెట్టే మ్యాథ్ ప్లేస్‌మెంట్ పరీక్షలో మిమ్మల్ని కాల్క్యులస్ 1 కంటే ముందుండే ప్రీకాల్క్యులస్‌లో వేస్తే అదీ అయిపోయినట్టే, వేసవిలో చదివి పూడ్చుకోవాలి.

ఇక్కడ రెండు విషయాలు కోర్సు కోర్సుకీ విడిగా చూసి రాసుకోండి. ఒకటి, అది ఏ సెమిస్టర్‌లో ఇస్తారు? ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో) మాత్రమే ఇచ్చే కోర్సు తప్పితే పోయేది ఒక సెమిస్టర్ కాదు, ఏడాది. రెండు, ముందుకు కదలడానికి ఎంత గ్రేడ్ కావాలి? చాలా డిపార్ట్‌మెంట్లు సి అడుగుతాయి. స్టాటిక్స్‌లో డి వస్తే క్రెడిట్లు ఆడిట్‌లో కనిపిస్తూనే ఉంటాయి, తర్వాతి కోర్సుకి మాత్రం రిజిస్టర్ కానివ్వరు. ఈ గొలుసులోని కోర్సులకి ఎర్ర పెన్సిల్ వాడండి. వాటిని వాయిదా వేయకూడదు, టైమింగ్ బాగాలేదని వదలకూడదు.

మిగతావి చుట్టూ సర్దడం తేలిక. ఒక క్రెడిట్ అంటే వారానికి గంట క్లాసు, బయట రెండు గంటల చదువు. 15 క్రెడిట్లంటే వారానికి 45 గంటలు. ల్యాబ్‌ని ఒక క్రెడిట్టే కదా అనుకోవద్దు, వారానికి మూడు గంటలు అక్కడే పోతాయి, రిపోర్టు రాయడం వేరే. లెక్కలు నిండిన కోర్సులు సెమిస్టరుకి మూడు మించకూడదు. హ్యుమానిటీస్ అన్నీ మొదటి ఏడాదే ఊడ్చేసేవాళ్ళకి మూడో ఏట నాలుగూ బరువైనవే మిగులుతాయి. ఎబెట్ (ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ) గుర్తింపున్న ప్రోగ్రాముల్లో కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు గణితం, బేసిక్ సైన్సులకి, 45 ఇంజనీరింగ్ విషయాలకి పోతాయి. తేలికైనవి ఉండేదే కొన్ని, వాటిని దాచుకుని వాడండి.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు ఫాల్, స్ప్రింగ్‌లలో 12 క్రెడిట్లకి తగ్గకూడదు. అలాగని సరిగ్గా 12 తీసుకోకండి, ఒక్క కోర్సు డ్రాప్ చేయడానికి కూడా చోటుండదు. కనీసం 15 తీసుకోండి. ఆ 12లోకి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అదీ మూడు క్రెడిట్ల వరకే లెక్కకొస్తుంది. తగ్గించాల్సి వస్తే డ్రాప్ బటన్ నొక్కే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోండి, తర్వాత కాదు.

కాగితం పూర్తయ్యాక అడ్వైజర్‌కి చూపించి, గొలుసులో ఏ కోర్సు వచ్చే ఏడాది ఇవ్వడం లేదో అడగండి. రిజిస్ట్రేషన్ తెరుచుకునే ముందురోజు అకౌంట్‌లో హోల్డ్ (రిజిస్టర్ కాకుండా ఆపే అడ్డంకి) ఏదీ లేదని చూసుకుని, ఎర్ర పెన్సిల్ కోర్సుల్లో సీటు ముందు పట్టుకోండి. హ్యుమానిటీస్ సీట్లు తర్వాతైనా దొరుకుతాయి.