చుక్కాని లేకుండా పడవ తిప్పడం ముందు ప్రాక్టీస్ చేయండి

యూకేలో ఆర్‌వైఏ (రాయల్ యాటింగ్ అసోసియేషన్) డింగీ ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకి, అంటే చిన్న తెరచాప పడవలు నడపడం నేర్పే కోర్సుకి, ప్రిపేర్ అయ్యేవాళ్ళకి ఒక మాట, కోర్సు కన్నా ముందు పెట్టే స్కిల్ టెస్ట్ దగ్గరే చాలామందికి చెమటలు పడతాయి, ఎందుకంటే అందులో చుక్కాని లేకుండా పడవని ట్రయాంగిల్ దారిలో తిప్పమంటారు. సెంటర్‌బోర్డు (పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దిగే పలక) కొంచెం పైకి లేపుకోండి, మెయిన్ సెయిల్ (పెద్ద తెరచాప) లాగితే పడవ ముక్కు గాలి వైపు తిరుగుద్ది, మెయిన్ వదిలి జిబ్ (ముందుండే చిన్న తెరచాప) లాగితే గాలికి దూరంగా పోద్ది, మిగతాదంతా మీ ఒంటి బరువే, పడవని గాలి వచ్చే వైపు వంచితే దూరంగా, అవతలి వైపు వంచితే గాలిలోకి. మొదట్లో బుర్ర తిరుగుద్దిలెండి, ఎవరికైనా అంతే.

ఇంకోటి, నడపడం వేరు నేర్పడం వేరు. బోలైన్ ముడి (తాడు చివర జారని ఉచ్చు వేసే ముడి) కళ్ళు మూసుకుని వేసేవాళ్ళు కూడా ఎదురుగా నిలబడి చూపిస్తారు, అప్పుడు నేర్చుకునేవాళ్ళకి అంతా తిరగబడి కనిపిస్తది. పక్కన నిలబడి, వాళ్ళు చూసే వైపే తిరిగి, మెల్లగా వేయండి. సెయిల్ సెట్టింగ్, బ్యాలెన్స్ (పడవ పక్కలకి ఒరగకుండా ఉంచడం), ట్రిమ్ (ముందూ వెనకా సమంగా ఉంచడం) లాంటివి ఇంట్లో ఎప్పుడూ పడవ ఎక్కనివాళ్ళకి చెప్పి చూడండి, వాళ్ళు "ఎందుకలా?" అన్న చోట మీరు తడబడ్డారంటే అదే మళ్ళీ చదవాలి.

ఫస్ట్ ఎయిడ్, పవర్‌బోట్ (మోటారు పడవ) లెవెల్ 2 సర్టిఫికెట్లు కూడా కావాలి, అవి ముందే చేసి పెట్టుకోండి.