ఐఈఎల్‌టీఎస్ పాఠం చెప్పేవారి వృత్తి నేపథ్యాన్ని పరిశీలించడం ఎలా: విజయవాడ, గుంటూరు అభ్యర్థుల కోసం

విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కలా, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలోనూ విదేశీ చదువుల కన్సల్టెన్సీల బోర్డులు, విదేశాలకు వెళ్ళేవారు రాసే ఐఈఎల్‌టీఎస్ వంటి ఇంగ్లీషు పరీక్షల కోచింగ్ బోర్డులు పక్కపక్కనే కనిపిస్తాయి. మంచి స్కోరు తెచ్చుకున్న విద్యార్థుల ఫోటోలు ఫ్లెక్సీల మీద వరుసగా ఉంటాయి గానీ, వారికి పాఠం చెప్పినది ఎవరో, ఆయన ఏం చదువుకున్నారో, బోధనలో ఎక్కడ తర్ఫీదు పొందారో తెలిపే ఫ్లెక్సీ చాలా అరుదు. తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు కూడా ఫీజు ఎంత, ఎన్ని వారాలు, ఎన్ని మాక్ టెస్టులు అన్న దగ్గరే ఆగిపోతాయి. పాఠం చెప్పే మనిషి గురించి ఏం అడగాలి, వచ్చిన జవాబులో దేనికి ఎంత విలువ ఇవ్వాలి అన్నది ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మూడు విషయాలను విడదీసి చూడాలి. ఇంగ్లీషు బాగా రావడం ఒకటి, దాన్ని పెద్దవాళ్ళకు నేర్పగలగడం మరొకటి, ఒక పరీక్ష దేన్ని ఏ ప్రమాణాలతో కొలుస్తుందో తెలిసి ఉండడం ఇంకొకటి. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండడం అంత మామూలు విషయం కాదు. మొదటిది చూపించి మిగతా రెండూ ఉన్నట్టు నమ్మించడమే కోచింగ్ ప్రకటనల్లో ఎక్కువగా జరుగుతోంది.

ఎవరెవరు బోధిస్తున్నారు

మన రెండు ఊళ్ళలో ఎక్కువగా కనిపించేది కళాశాల అధ్యాపకులు. పగలు ఏదో ఇంజనీరింగ్ కళాశాల ల్యాబులో కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పి, సాయంత్రం కోచింగ్ సెంటర్లో ఒకటో రెండో బ్యాచ్‌లు తీసుకుంటారు. వీరికి ఎంఏ ఇంగ్లీషు, కొందరికి నెట్ లేదా పీహెచ్‌డీ ఉంటుంది. అయితే మన విశ్వవిద్యాలయాల్లో ఎంఏ ఇంగ్లీషు అంటే ప్రధానంగా సాహిత్యం. భాషాబోధనకు అందులో దొరికే చోటు తక్కువ. ఆఫ్రికన్ నవల మీద పరిశోధన చేసినవారు గొప్ప పండితులే కావచ్చు గానీ, ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో వచ్చే ఒక గ్రాఫును 150 పదాల్లో వర్ణించడం నేర్పడానికి ఆ పట్టా ఒక్కటే చాలదు. అలాగని వీరిని తీసిపారేయనక్కరలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి ఏ వాక్యం దగ్గర తడబడతాడో ఏళ్ళ తరబడి చూసిన కళ్ళు వీరివి, ఆ అనుభవం ఏ సర్టిఫికెట్టుతోనూ రాదు.

తామే పరీక్ష రాసి తొమ్మిదికి 7.5 లేదా 8 బ్యాండ్ (స్కోరు) తెచ్చుకుని, వీసా వచ్చేదాకా పాఠాలు చెప్పే యువతీయువకులు మరో వర్గం. పరీక్ష హాలు వాతావరణం, కంప్యూటర్ తెర మీద ప్రశ్నలు కనిపించే తీరు వీరికి కొత్తగా గుర్తుంటాయి కాబట్టి ఆ మేరకు ఉపయోగపడతారు. కానీ తనకు సులువుగా వచ్చినది ఎదుటివాడికి ఎందుకు రావడం లేదో వివరించడం నేర్చుకోని మనిషి, రెండో వారానికల్లా చిట్కాలు అయిపోయి మెటీరియల్ చదివించడం మొదలుపెడతారు. పైగా వీసా రాగానే బ్యాచ్ మధ్యలో ఇంకొకరి చేతికి పోతుంది.

విదేశాల్లో కొన్నేళ్ళు ఉండి వచ్చినవారి యాసకు మనవాళ్ళు ఇచ్చే విలువ అవసరానికి మించినదని నా అభిప్రాయం. ఇక ఫారాలు నింపించే కౌన్సెలరే పాఠం కూడా చెప్పే చోట, కోచింగ్ ఉచితమని చెప్పినా, వారి ఆదాయం అడ్మిషన్ మీద ఆధారపడి ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. పెద్దలకు ఇంగ్లీషు నేర్పడంలోనే ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు తక్కువమందే ఉన్నారు, వెతికి పట్టుకోవలసింది వారినే.

సర్టిఫికెట్టు చదివే పద్ధతి

ఈ రంగంలో ఎక్కువగా గుర్తింపు ఉన్న ప్రారంభ అర్హతల్లో ఒకటి కేంబ్రిడ్జి ఇచ్చే సెల్టా. అందులో కనీసం 120 గంటల కోర్సు ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, నిజమైన విద్యార్థుల ముందు 6 గంటలు పాఠం చెప్పాలి, శిక్షకులు వెనక కూర్చుని ఆ పాఠాన్ని అంచనా వేస్తారు. ట్రినిటీ కాలేజ్ లండన్ ఇచ్చే సర్ట్ టీసాల్ కూడా ఇదే స్థాయిది. డెల్టా వీటి పై మెట్టు, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులకు ఉద్దేశించినది. మన దగ్గరలో చూస్తే, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఉన్న హైదరాబాదు ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్టు, డిప్లొమా కోర్సులు నడిపింది. గుంటూరు, కృష్ణా జిల్లాల అధ్యాపకుల బయోడేటాలో పీజీసీటీఈ, పీజీడీటీఈ అన్న అక్షరాలు కనిపిస్తే అవి ఇవే. వాటిని తేలికగా తీసుకోకండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సెల్టాలోని 120 అన్న అంకెనే వాడుకుని ‘120 గంటల టెఫ్ల్ (అంటే ఇంగ్లీషు బోధన) సర్టిఫికెట్’ పేరుతో ఆన్‌లైన్లో చౌకగా దొరికే కోర్సులు చాలా ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం వీడియోలు చూసి ప్రశ్నలకు టిక్కులు పెడితే పూర్తవుతాయి. ఒక్క విద్యార్థి ముందు ఒక్క నిమిషం పాఠం చెప్పనక్కరలేదు. గోడ మీద ఫ్రేము కట్టిన పత్రాన్ని చూసి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ‘ఈ కోర్సులో మీరు పాఠం చెబుతుండగా ఎవరైనా గమనించి అంచనా వేశారా, అండీ?’ కేంబ్రిడ్జి వారి టీకేటీ పత్రమైనా సరే, అది బోధన గురించిన జ్ఞానాన్ని రాతపరీక్షతో కొలిచేదే తప్ప క్లాసు చెప్పించి చూసేది కాదు. ఒకటి రెండు రోజుల వర్క్‌షాపుకు హాజరైనట్టు ఇచ్చే పత్రం హాజరుకు సాక్ష్యం, అంతకు మించి కాదు.

‘నేను ఎగ్జామినర్‌ని’ అన్నప్పుడు

ఐఈఎల్‌టీఎస్ 1989లో మొదలైంది. బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జి కలిసి నడిపే పరీక్ష ఇది. అయితే భారతదేశంలో బ్రిటిష్ కౌన్సిల్‌కు ఉన్న ఐఈఎల్‌టీఎస్ వ్యాపారాన్ని 2021లో ఐడీపీ కొనుగోలు చేసింది. అప్పటి నుంచి ఇక్కడ పరీక్ష నిర్వహిస్తున్నది ఐడీపీయే. కాబట్టి ‘బ్రిటిష్ కౌన్సిల్ గుర్తింపు పొందిన ఐఈఎల్‌టీఎస్ కేంద్రం’ అని ఈ రోజుకీ బోర్డు మీద ఉంటే, ఆ బోర్డు మార్చడం మరిచిపోయారనుకోవాలి, లేదా మరిచిపోవడమే లాభమనుకున్నారనుకోవాలి.

ఎగ్జామినర్లు కావడానికి డిగ్రీతోపాటు ఇంగ్లీషు బోధనలో అర్హత, పెద్దలకు నేర్పిన అనుభవం కావాలి. ఎంపికైనవారికి శిక్షణ ఇచ్చి, ధ్రువీకరించి, ప్రతి రెండేళ్ళకూ తిరిగి పరీక్షిస్తారు. ఇన్ని కట్టుబాట్ల మధ్య పనిచేస్తున్నవారు ఆ హోదాను కోచింగ్ ప్రకటనల్లో వాడుకోవడం వృత్తి మర్యాదకు విరుద్ధం. కనుక ఎవరైనా ‘నేను ప్రస్తుతం ఎగ్జామినర్‌ని, మీకు ఎంత వేయాలో నాకు తెలుసు’ అని చెబితే, నిజమైనా అబద్ధమైనా వెనక్కి తగ్గడమే మంచిది. గతంలో ఎగ్జామినర్‌గా చేసి మానేసినవారి మాట వేరు. ఏ సంవత్సరాల్లో చేశారో, ఆ తర్వాత బోధనలో ఏం చేశారో అడగవచ్చు.

మీ పరీక్ష ఏదో దాన్ని బట్టి

‘అన్ని పరీక్షలకూ ఒకరే చెబుతారు’ అంటే కాస్త ఆలోచించండి. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో ఎదురుగా మనిషి ఉంటారు, 11 నుంచి 14 నిమిషాలు సంభాషణ జరుగుతుంది. పీటీఈ అనే మరో ఇంగ్లీషు పరీక్షలో మైకుకు మాట్లాడాలి, మార్కులు వేసేది ప్రధానంగా కంప్యూటర్ ప్రోగ్రామే. ఒకదానికి చేయించే సాధన రెండోదానికి సరిపోదు. టోఫెల్ అనే ఇంకో పరీక్షనైతే 2023 జులైలో రెండు గంటల లోపుకు కుదించి, పాత స్వతంత్ర వ్యాసం స్థానంలో తరగతి చర్చలో పాల్గొన్నట్టు రాసే ప్రశ్న పెట్టారు. ఇప్పటికీ ఆ పాత వ్యాసాన్నే రాయిస్తున్నవారికి పరీక్షతో సంబంధం ఎప్పుడు తెగిపోయిందో మీకే అర్థమవుతుంది.

నర్సింగ్ పూర్తిచేసినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వైద్యరంగం వారి కోసం ఉన్న ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో స్పీకింగ్ అంటే రోగి పాత్ర పోషించే వ్యక్తితో రెండు రోల్‌ప్లేలు, రైటింగ్ అంటే సాధారణంగా కేసు నోట్సు చూసి మరో వైద్యుడికో నర్సుకో రాసే ఉత్తరం. దీన్ని నేర్పేవారు స్వయంగా వైద్యరంగం వారు కానక్కరలేదు గానీ, రోగికి ధైర్యం చెప్పే మాటకూ, సహోద్యోగికి సమాచారం అందించే మాటకూ ఉన్న తేడా పట్టించగలగాలి. వారు ఇంతకుముందు నర్సుల బ్యాచ్‌కు చెప్పారా అన్నది తప్పక అడగండి.

డెమో క్లాసులో ఏం చూడాలి

నేపథ్యం నిజమో కాదో తేలేది ఇక్కడే. డెమో క్లాసులో చాలాచోట్ల పరీక్ష స్వరూపం బోర్డు మీద రాసి, రెండు జోకులు చెప్పి, ఫీజు దగ్గరికి వచ్చేస్తారు. దాంతో సరిపెట్టుకోకుండా, ఒక విద్యార్థి చేత మాట్లాడించి సరిదిద్దమని కోరండి. ఉదాహరణకు ‘మీ ఊళ్ళో మీకు నచ్చిన చోటు’ అన్న అంశం రాసిన కార్డు ఇచ్చి రెండు నిమిషాలు మాట్లాడమన్నారనుకుందాం. అబ్బాయి ప్రకాశం బ్యారేజీ గురించి ఎత్తుకుని, ‘ఐ యామ్ గోయింగ్ దేర్ సిన్స్ చైల్డ్‌హుడ్’ అంటాడు, తర్వాత నాలుగు వాక్యాల్లో అయిదుసార్లు ‘నైస్’ అంటాడు, ‘డెవలప్’ అన్నప్పుడు మొదటి అక్షరం మీదే బలం పెడతాడు. శిక్షణ లేనివారు ప్రతి తప్పు దగ్గరా ఆపి అతన్ని బిగుసుకుపోయేలా చేస్తారు, లేదా ‘సూపర్, ఇంకొంచెం కాన్ఫిడెన్స్ కావాలి’ అని వదిలేస్తారు. వృత్తి తెలిసినవారు రెండు నిమిషాలూ ఆపకుండా మాట్లాడనిచ్చి, కాగితం మీద గుర్తు పెట్టుకుని, ఆ తర్వాత తడబాటు లేకుండా సాగిందని ముందు చెప్పి, చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా సాగే పనికి క్రియ ఏ రూపంలో ఉండాలో చూపించి, ‘నైస్’ బదులు నీళ్ళ గురించీ గాలి గురించీ ఏం చెప్పగలవని అడిగి, అదే కార్డును మళ్ళీ మాట్లాడిస్తారు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లోని నాలుగు ప్రమాణాలు, అంటే ధార, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, సమాన విలువ కలవి కాబట్టి వారి వ్యాఖ్యలు నాలుగింటినీ తాకుతాయి. ‘డెవలప్’లో బలం రెండో అక్షరం మీద పడాలని సరిదిద్దుతారు గానీ, అమెరికన్‌లా మాట్లాడమని మాత్రం అనరు, ఆ పరీక్ష కోరేది అర్థమయ్యే ఉచ్చారణను, అరువు యాసను కాదు.

రైటింగ్ విషయంలో ఇంకా కచ్చితంగా తేల్చుకోవచ్చు. పాత విద్యార్థి ఎవరిదైనా, పేరు కొట్టేసి, దిద్దిన వ్యాసం ఒకటి చూపించమనండి. ఎర్ర సిరాతో స్పెల్లింగులు మాత్రమే సరిచేసి కింద ‘6.5’ అని వేసి ఉంటే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఏ స్కోరుకు ఏం ఉండాలో చెప్పే బ్యాండ్ వర్ణనలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. వాటిని చదివిన మనిషి ఏ ప్రమాణానికి ఎంత, ఎందుకు అన్నది విడివిడిగా చెప్పగలరు, రెండో టాస్కుకు, అంటే వ్యాసానికి, మొదటిదానికన్నా రెట్టింపు విలువ అన్న సంగతీ గుర్తుచేస్తారు. ఏ ప్రశ్నకైనా పనికొచ్చే టెంప్లేటు బట్టీ పట్టిస్తామని చెప్పే చోట మాత్రం కుర్చీ వెనక్కి జరపండి. బట్టీ వాక్యాలను గుర్తుపట్టడం ఎగ్జామినర్లకు ఇచ్చే శిక్షణలో భాగం.

ఫీజు కట్టేముందు

డెమో చెప్పినవారే చివరిదాకా బ్యాచ్ తీసుకుంటారా అన్నది నోటిమాటగా కాకుండా రసీదు మీద పేరుతో రాయించుకోండి. మధ్యలో మనిషి మారితే ఫీజు సంగతేమిటో కూడా అప్పుడే అడగండి. ‘అదేం లేదండీ, మేం చూసుకుంటాం’ అన్నది జవాబు కాదు. రాయడానికి ఒప్పుకోకపోతే మొత్తం ఒకేసారి కట్టకుండా వాయిదాలు అడగండి. మొదటి వాయిదా కట్టిన వారంలోనే మీరు రాసిన వ్యాసం ఒకటి ఇచ్చి, అది దిద్ది తిరిగి వచ్చాక, పైన చెప్పిన తీరులో ఉందో లేదో చూసుకుని రెండోది కట్టండి.

అన్నీ ఉన్న మనిషి మీ ఊళ్ళో దొరకకపోవచ్చు. అప్పుడు వ్యాకరణం, వాక్య నిర్మాణం బలహీనంగా ఉన్నవారు అనుభవమున్న కళాశాల అధ్యాపకుల దగ్గర పునాది సరిచేసుకుని, దిద్దించుకోవడానికి మాత్రం బోధనలో తర్ఫీదు పొందినవారిని ఆన్‌లైన్లోనైనా వెతుక్కోవడం మంచిది. ఇంగ్లీషు ఇప్పటికే ధారాళంగా ఉండి పరీక్ష అలవాటు మాత్రమే కావలసినవారికి మొదటి దశ అక్కరలేదు. వారికి నెలల కోర్సు అంటగట్టే సెంటర్ కన్నా, నాలుగు వ్యాసాలు శ్రద్ధగా దిద్ది, నాలుగుసార్లు ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే ఒక్క మనిషి ఎక్కువ పనికొస్తారు.