అవును-కాదు ప్రశ్నలతో చిక్కుకథ విప్పడం ఎలా?

చిక్కుకథ అంటే ముగింపు మాత్రమే చెప్పి, అసలేం జరిగిందో ప్రశ్నలతో రాబట్టమనే కథ. ఈ ఆటకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. జవాబు తెలిసిన మనిషి ఒకరు, అడిగేవాళ్లు ముగ్గురో నలుగురో. ఆరుగురు దాటితే గోల తప్ప ఆట సాగదు. కథ చెప్పేవాళ్లు ‘అవును’, ‘కాదు’, ‘దానితో సంబంధం లేదు’ అన్న మూడు మాటలే అనాలి. కాగితం, పెన్ను వద్దు. రాసుకుంటూ కూర్చుంటే పక్కవాళ్ల ప్రశ్న చెవిన పడదు.

మొదట పెద్ద ప్రశ్నలు వేయండి. ఇది నేరమా? జరిగిన చోటు ముఖ్యమా? ప్రతి ప్రశ్నా మిగిలిన అవకాశాలను సగం చేయాలి. అలా కుదిరితే 20 ప్రశ్నలతో 10 లక్షల పైచిలుకు అవకాశాల్లోంచి ఒక్కటి తేలుతుంది.

అసలు చిక్కు ప్రశ్న అడిగే తీరులోనే ఉంది. ఎవరో చనిపోయిన కథలో ‘‘విషం పెట్టింది భార్యేనా?’’ అని ఎవరైనా అడిగితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ‘కాదు’ అని జవాబొస్తే దేన్ని కాదన్నట్టు? భార్య కాదా, అది విషమే కాదా, అసలు ఎవరూ చంపలేదా? మీరేమో విషం ఖాయమనుకుని తమ్ముడా, వంటమనిషా అంటూ పది ప్రశ్నలు తగలేస్తారు. ఒక ప్రశ్నలో ఒక్క సంగతే ఉండాలి.

అంతకన్నా ప్రమాదం, అడగకుండానే నమ్మేసిన సంగతి. ఈ పాత చిక్కుకథే చూడండి: మూసిన గది. నేల మీద రాజు, రాణి శవాలు. చుట్టూ నీళ్లు, గాజు పెంకులు. ఎలా జరిగింది? అందరూ ఆస్తి, పగ, ప్రేమ అంటూ అడుగుతారు. ‘‘రాజు మనిషేనా?’’ అని అడిగేవాళ్లు అరుదు. అవి చేపలు, గాజు తొట్టి కిందపడి పగిలింది. దీన్ని తెలుగులో చెప్పడం కత్తి మీద సామే. ‘పడి ఉన్నారు’ అంటే అబద్ధం, ‘పడి ఉన్నాయి’ అంటే గుట్టు రట్టు. అందుకే చెప్పేవాళ్లు క్రియను మింగేస్తారు. సరిగ్గా అక్కడే చెవి పెట్టండి.

దారి మూసుకుపోతే హింట్ అడగొద్దు, అది ఆటను చంపేస్తుంది. కథ మళ్లీ చెప్పించుకుని ఒక్కో మాటనే పట్టుకోండి. ఆ గాజు కిటికీదా? నీళ్లు ముందు నుంచీ నేల మీదే ఉన్నాయా? 1967లో రచయిత ఎడ్వర్డ్ డి బోనో ‘లేటరల్ థింకింగ్’ అని పేరు పెట్టింది ఇలాంటి ఆలోచనకే. తవ్విన గొయ్యినే ఇంకా లోతుగా తవ్వకుండా, వేరే చోట తవ్వి చూడమన్నాడాయన.

జవాబు తట్టగానే అరవకండి. నీళ్లు, పెంకులు, మూసిన గది అన్నీ అందులో ఇమిడాయో లేదో చూసుకుని ఒకేసారి చెప్పండి. ఒక్క గాజు పెంకు మిగిలినా ఇంకో ప్రశ్న అడగాల్సిందే.