పియానో రోల్‌లో నోట్లు బాగానే ఉన్నాయి, పాట మాత్రం తేడాగా మోగుతోందా?

మిడి అంటే శబ్దం కాదు, ఏ నోట్ ఎప్పుడు మోగాలో వాయిద్యానికి చెప్పే సందేశాలు. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో వాటిని దిద్దుకునే కిటికీ పియానో రోల్. అది తెరవగానే కంటికి కనిపించేవి నోట్లే. పెడల్, పిచ్ బెండ్, వాల్యూమ్ సందేశాలన్నీ కింద మూసి ఉన్న లేన్లలో పడి ఉంటాయి. తేడా వచ్చినప్పుడల్లా నోట్లనే అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే రాత్రి గడిచిపోతుంది తప్ప తప్పు దొరకదు. క్యూబేస్‌లో లిస్ట్ ఎడిటర్, లాజిక్‌లో, రీపర్‌లో ఈవెంట్ లిస్ట్ ఉన్నాయి. చూడ్డానికి వరసగా అంకెలే, కానీ అందులో ఏదీ దాగదు. ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ వాడేవాళ్ళు కంట్రోలర్ లేన్లను ఒక్కొక్కటిగా తెరిచి చూసుకోవాలి.

స్టాప్ నొక్కినా నోట్ మోగుతూనే ఉంది

ముందు సౌండ్ ఆపండి. దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ పానిక్ కమాండ్ ఉంటుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో అది కంట్రోల్ హెచ్. తర్వాత అదే చోటు నుంచి రెండుమూడు సార్లు ప్లే చేయండి. ప్రతిసారీ అక్కడే ఇరుక్కుంటే తప్పు ట్రాక్‌లో ఉన్నట్టు. ఒక్కోసారి ఒక్కోచోట ఇరుక్కుంటే కేబులో, యూఎస్‌బీ హబ్బో నోట్ ఆఫ్ సందేశాన్ని మింగేస్తున్నట్టు. అప్పుడు ఎడిటింగ్‌తో పనిలేదు, కేబుల్ మార్చి చూడండి.

ట్రాక్‌లోనే ఉంటే మొదటి అనుమానం సస్టెయిన్ పెడల్ మీద, అంటే సీసీ 64 మీద (సీసీ అంటే కంట్రోల్ చేంజ్, పెడల్, వాల్యూమ్‌లాంటి వాటిని మార్చే సందేశం). దీని విలువ 63 దాకా ఉంటే పెడల్ వదిలినట్టు, 64 నుంచి 127 దాకా ఉంటే తొక్కినట్టు. పెడల్ తొక్కి ఉండగా క్లిప్‌ను (ట్రాక్‌లోని రికార్డింగ్ ముక్కను) కత్తిరించామనుకోండి: 127 ఇవతల ముక్కలో ఉండిపోతుంది, దాన్ని విడిచే 0 అవతల ముక్కతో పోతుంది. ఇక ఆ ట్రాక్‌లో వచ్చే ప్రతి నోటూ సాగుతుంది. క్లిప్ చివర సీసీ 64 లేన్‌లో ఒక 0 పెడితే సరి. కాలు తీస్తే సాగి, తొక్కితే ఆగుతుంటే మాత్రం పెడల్ తలకిందులైంది. కీబోర్డ్ ఆన్ చేసేటప్పుడు పెడల్ మీద కాలు ఉంటే చాలా మోడళ్ళలో ఇలా అవుతుంది. ఆఫ్ చేసి, కాలు తీసి, మళ్ళీ ఆన్ చేయండి.

పెడల్ లేన్ శుభ్రంగా ఉంటే, ఒకే స్వరం మీద రెండు నోట్లు ఒకదాని మీదికొకటి ఎక్కాయేమో చూడండి. మొదటి నోట్ ముగిసే సందేశం రెండోదాన్ని కూడా ఆపేయవచ్చు. కొన్ని ప్లగిన్లలో దీనికి తిరగబడి రెండోది ఆగకుండా మిగిలిపోతుంది. అంచులు విడదీయండి.

క్వాంటైజ్ చేశాక తాళం కుంటుతోంది

క్వాంటైజ్ అంటే నోట్లను గ్రిడ్‌లో దగ్గరి గీత మీదికి జరపడం. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. పాట తిశ్ర నడక (బీట్‌కు మూడు దెబ్బలు), గ్రిడ్ మాత్రం 1/16 (బీట్‌కు నాలుగు గీతలు). ఏం జరుగుతుందో అంకెల్లో చూద్దాం. బీట్‌కు 480 టిక్కులు (సాఫ్ట్‌వేర్ సమయాన్ని కొలిచే చిన్న భాగాలు) అనుకుంటే తిశ్రంలో మూడు దెబ్బలు 0, 160, 320 మీద పడాలి. 1/16 గ్రిడ్ గీతలు 0, 120, 240, 360 మీద ఉంటాయి. క్వాంటైజ్ నొక్కగానే 160 మీదున్న నోట్ దగ్గర్లోని 120కి, 320 మీదున్నది 360కి దూకుతాయి. సమానంగా ఉండాల్సిన మూడు దెబ్బలు 120, 240, 120 అయిపోతాయి. త-కి-ట కాస్తా త-కీ-ట అవుతుంది. గ్రిడ్ మీద నోట్లు చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తాయి కాబట్టి కంటికి తప్పు తెలియదు.

అన్‌డూ చేసి, గ్రిడ్‌ను 1/8 ట్రిప్లెట్‌కు మార్చి మళ్ళీ క్వాంటైజ్ చేయండి. అన్‌డూ దాటిపోయినా, ఫైల్ సేవ్ అయిపోయినా కంగారు పడక్కర్లేదు. ఆ చెడిన నోట్ల మీదే ట్రిప్లెట్ క్వాంటైజ్ కొట్టండి. 120 తిరిగి 160కి, 360 తిరిగి 320కి వస్తాయి, ఎందుకంటే వాటికి దగ్గరి గీతలు అవే. మధ్యలో నిజంగానే 1/16 నోట్లు ఉన్న చోట్లు మాత్రం సెలెక్షన్‌లోంచి తప్పించండి.

గ్రిడ్ సరైనదే అయినా పాట మరీ మెషిన్‌లా ఉంటే నూటికి నూరు శాతం క్వాంటైజ్ చేయడమే కారణం. స్ట్రెంత్, అంటే గీత వైపు ఎంత శాతం జరపాలన్నది, 50, 60 దగ్గర పెట్టండి. డోలక్, తబలా ప్యాటర్న్‌లకైతే నా మాట: ముఖ్యమైన దెబ్బలనే క్వాంటైజ్ చేయండి, మధ్యలోని చిన్న దెబ్బల జోలికి పోకండి. ఆ నడక చిన్న దెబ్బల్లోనే ఉంటుంది.

ఇంకో తేడా కూడా గమనించాలి. నోట్లు కొన్ని ముందుకు, కొన్ని వెనక్కు పడితే అది చేతి వాటం. అన్నీ ఒకే వైపు, దాదాపు ఒకే దూరం జరిగితే మాత్రం లేటెన్సీని (కంప్యూటర్ వల్ల శబ్దానికి పట్టే ఆలస్యాన్ని) అనుమానించాలి. 44,100 శాంపిల్ రేట్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసే శాంపిళ్ళు) 1024 ఉంటే అదొక్కటే 23 మిల్లీసెకన్లు. 128కి దించితే 3 లోపు. అప్పటికే రికార్డ్ అయిన దాన్ని క్వాంటైజ్ చేయకుండా ట్రాక్ మొత్తాన్ని ఒకేసారి జరపండి. వాయించిన తీరు చెడదు.

గమకం వేశాక మిగతా పాటంతా శ్రుతి తప్పింది

పిచ్ బెండ్, అంటే స్వరాన్ని పైకీ కిందికీ వంచే సందేశం, ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. దాని విలువలు 0 నుంచి 16383 దాకా, మధ్య స్థానం 8192. చాలా సాఫ్ట్‌వేర్లు ఈ మధ్య స్థానాన్నే 0 అని చూపిస్తాయి. గీత కొంచెం పైన ఆగిపోయినా తర్వాతి నోట్లన్నీ ఆ మేరకు పెరిగి పలుకుతాయి. గమకం ముగిసిన చోట మధ్య విలువ ఒకటి పెట్టండి, క్లిప్ మొదట్లో కూడా ఒకటి.

శ్రుతి చెడకపోయినా గమకం వికారంగా ఉంటే బెండ్ రేంజ్, అంటే స్వరం అటూ ఇటూ ఎంత దాకా వంగగలదో చూడండి. మామూలుగా అది 2 సెమీటోన్లు (పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమీటోన్), అంటే ఒక సెమీటోన్‌కు 4096. ప్లగిన్‌లో రేంజ్ 12 పెట్టి ఉంటే అదే సెమీటోన్ సుమారు 683. 2 రేంజ్‌కు గీసిన గమకాన్ని 12 రేంజ్‌లో వాయిస్తే సైరన్‌లా ఉంటుంది. తోడిలో గాంధారం తీసుకోండి: అది శుద్ధ రిషభానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య ఊగుతుంది, అంటే కిందికి 2 సెమీటోన్లు, పైకి 2. మామూలు రేంజ్‌లో ఇది అంచుకు అంచు సరిపోతుంది, ఒక్క పిసరు దాటాలన్నా చోటుండదు. గమకాలు ఎక్కువున్న పాటకు ముందే రేంజ్ పెంచుకుని, ఆ అంకెను ట్రాక్ పేరులోనే రాసిపెట్టుకోవడం మేలు. ఊపు మెట్లుమెట్లుగా వినిపిస్తే గీసేటప్పుడు స్నాప్ (గ్రిడ్ గీతలకే అతికించే సెట్టింగ్) ఆన్‌లో ఉందని అర్థం; ఆపి మళ్ళీ గీయండి.

బెండ్ ఛానెల్ మొత్తానికీ వర్తిస్తుంది. కార్డ్స్, మెలొడీ ఒకే ట్రాక్‌లో ఉంటే కార్డ్ కూడా ఊగిపోతుంది. మెలొడీని వేరే ట్రాక్‌లో, వేరే ఇన్‌స్ట్రుమెంట్ మీద పెట్టండి.

ఫేడర్ తగ్గించినా, ప్లే నొక్కగానే వాల్యూమ్ మళ్ళీ పైకి

ట్రాక్‌లో ఎక్కడో సీసీ 7, అంటే వాల్యూమ్ సందేశం, రికార్డ్ అయి ఉంది. తీసేయండి. లోపల ఉబ్బుతగ్గులు కావాలంటే సీసీ 11 (ఎక్స్‌ప్రెషన్) వాడి, వాల్యూమ్‌ను ఫేడర్‌కే వదిలేయండి.

ఒక వాయిద్యమే, కానీ డొల్లగా, రెండు మోగినట్టు

ప్లేబ్యాక్‌లో ఇలా వస్తే నోట్ కింద నోట్ దాగి ఉంది. లూప్ రికార్డింగ్‌లోనూ, కాపీ పేస్ట్‌లోనూ ఇది తరచూ జరుగుతుంది. నోట్‌ను పక్కకు లాగితే రెండోది బయటపడుతుంది. క్యూబేస్‌లో డిలీట్ డబుల్స్ ఉంది. కీబోర్డ్ సొంత టోన్ మీద వాయిస్తున్నప్పుడు మాత్రమే వస్తే, ఆ టోన్ నేరుగా ఒకసారి, కంప్యూటర్ నుంచి తిరిగొచ్చి ఇంకోసారి మోగుతోంది. కీబోర్డ్‌లో లోకల్ (కీలు సొంత టోన్‌ను నేరుగా మోగించే సెట్టింగ్) ఆఫ్ చేయండి.

శ్రుతి మార్చాక వయొలిన్లు వింతగా పలుకుతున్నాయి

లైబ్రరీ వాయిద్యాల్లో వాయించే తీరు మార్చడానికి కీస్విచ్‌లు ఉంటాయి, తరచుగా కింది ఆక్టేవ్‌లో. మొత్తం సెలెక్ట్ చేసి ట్రాన్స్‌పోజ్ చేస్తే అవీ జరుగుతాయి. లెగాటో (స్వరాలు కలిపి వాయించడం) కాస్తా పిజికాటో (తీగ మీటడం) అవుతుంది. వాటిని పాత చోటికి దించండి.

మొదటి నోట్ వినిపించదు

అది మొదటి బార్‌కు కొన్ని టిక్కులు ముందు పడి, క్లిప్ అంచున తెగిపోయింది. పాటను రెండో బార్ నుంచి మొదలుపెట్టే అలవాటు చేసుకుంటే ఈ బాధ ఉండదు. ప్రోగ్రామ్ చేంజ్ (టోన్ మార్చే సందేశం) లాంటివీ ఆ ఖాళీ బార్‌లో పెట్టుకోవచ్చు. పాట మధ్య నుంచి ప్లే చేసినప్పుడు మాత్రమే పొడుగు ప్యాడ్ నోట్లు మోగకపోతే చేజ్ (ముందే మొదలైన నోట్‌ను మధ్య నుంచి మోగించే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంది. ఏబుల్టన్‌లో ఆప్షన్స్ మెనూలో చేజ్ మిడి నోట్స్ టిక్ పెట్టండి.

ఫోన్‌లో సీ3 అన్నారు, ఇక్కడ వేస్తే ఆక్టేవ్ తేడా

మధ్య సీ మిడి నంబర్ అందరికీ 60. ఏబుల్టన్, క్యూబేస్ దాన్ని సీ3 అంటాయి, ఎఫ్ఎల్ స్టూడియో సీ5 అంటుంది. పేరు అడగకండి, నంబర్ అడగండి.