కొన్న గేదెను అదే రోజు మందలో కట్టకండి

కార్తీకం వచ్చిందంటే సంతల్లో కొత్తగా ఈనిన గేదెల బేరాలు జోరందుకుంటాయి. ఈలోగా ఈ నాలుగు మాటలు చెప్పాలి. పోయిన నెల పక్క ఊరిలో ఒక ఇంట్లో ఏడు పశువులకు క్షయ పరీక్ష చేస్తే నాలుగింటికి సోకినట్టు తేలింది. ఆ ఇంటి చిన్నపాప మెడ కింద గడ్డలు లేచి టీబీ మందులు వాడుతోంది. పాపకు పశువు నుంచే వచ్చిందని తేల్చే పరీక్ష జరగలేదు. కానీ రెండేళ్ల కిందట సంతలో కొన్న గేదెను ఆ సాయంత్రమే మిగతావాటి పక్కన కట్టామనీ, పాపకు రోజూ గుమ్మపాలు పట్టామనీ తండ్రి చెబుతుంటే నాకు నోట మాట రాలేదు.

ఇరవై ఏళ్ల పశువైద్యంలో పాడి రైతును ముంచగా నేను చూసిన తప్పు ఇదే: కొత్త పశువును కొన్న రోజే అన్నిటితో ఒకే గాటన కట్టడం. క్షయ సోకిన గేదె నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నిగనిగలాడుతూనే ఉంటుంది, పాలూ ఇస్తుంది. అది చిక్కిపోయి దగ్గే నాటికి పక్కనున్నవాటికి జబ్బు అంటుకునే ఉంటుంది.

పరీక్ష చేయించే కొన్నామంటారు. మెడ చర్మంలోకి ట్యూబర్క్యులిన్ అనే పరీక్ష మందు ఎక్కించి, 72 గంటల తర్వాత చర్మం మందం కొలుస్తాం. 4 మిల్లీమీటర్లు, అంతకు మించి పెరిగితే సోకినట్టు లెక్క. అయితే ఈనిన కొత్తలో జబ్బున్న పశువు కూడా ఈ పరీక్షకు అందకపోవచ్చు. మనం కొనేది సరిగ్గా అప్పుడే. జబ్బు సోకిన తొలి వారాల్లోనూ అంతే. అందుకే రెండు నెలలు వేరుగా ఉంచి, మళ్లీ పరీక్ష చేయించాలి. హర్యానా నుంచి లారీలో దిగిన ముర్రా గేదెకైనా ఇదే మాట. వేరుగా అంటే అదే కొట్టంలో ఓ మూల కాదు. వేరే పాక, వేరే తొట్టి, వేరే కుడితి బాన. చలికి గోనెపట్టాలు కట్టి గాలి ఆడనివ్వని కొట్టంలో ఈ జబ్బు తేలిగ్గా పాకుతుంది.

పాల సంగతి. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లకే ఈ క్రిమి చస్తుంది కాబట్టి పొంగించిన పాలతో భయం లేదు. తోడు పెట్టినంత మాత్రాన చావదు. బలమని పిల్లలకు గుమ్మపాలు పట్టకండి. అభిషేకానికి పచ్చిపాలు వాడినా, తీర్థానికి కాచిన పాలు విడిగా కలపండి.

ఇంట్లో ఎవరికైనా టీబీ అని తేలితే, పశువులున్నాయని డాక్టరుకు తప్పక చెప్పండి. మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందుల్లో ఒకటైన పైరజినమైడ్, పశువుల క్షయ క్రిమి మైకోబ్యాక్టీరియం బోవిస్ మీద పనిచేయదు.

టీబీ ఉన్న పాలేరును డాక్టరు సరేననేదాకా కొట్టంలోకి రానివ్వకండి, మనిషి నుంచి పశువుకూ సోకుతుంది. అతని జీతం మాత్రం ఆపకండి.

జబ్బు పశువు పాలు దూడకు వదలకండి.

పశువుకు మనుషుల టీబీ మందులు వాడకండి.

జబ్బు తేలిన పశువును సంతకు తోలకండి. మన దేశంలో ఇలాంటి పశువులను పరిహారమిచ్చి ఏరివేసే జాతీయ కార్యక్రమం లేదు, నష్టమంతా మీ నెత్తినే పడుతుందని తెలుసు. అయినా తోలకండి. దాన్ని కొనేవాడూ ఆ రోజే తన మందలో కట్టేస్తాడు.

చచ్చిన పశువును అడవి అంచున పారేయకండి. లోతుగా పాతి సున్నం చల్లండి. నల్లమల అంచున మేపేవాళ్లు దుప్పులు తాగే కుంటలకు దగ్గే పశువును తోలకండి. అమెరికాలోని మిషిగన్‌లో తెల్లతోక జింకల్లోకి, ఇంగ్లండులో బ్యాడ్జర్లనే బొరియ జంతువుల్లోకి ఈ జబ్బు చేరాక, దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నా వదలడం లేదు.

ఈ వారం సంతకు వెళ్లేవాళ్లు ముందు వేరే పాక వేయండి. పాక లేచాకే బయానా ఇవ్వండి.