మాడ్యూల్ కూర్చుంది, బోల్టు దిగనంటోంది

ఒకదానిపై ఒకటి పేర్చే ఉక్కు గది పెట్టెను, అంటే మాడ్యూల్‌ని, క్రేన్ దించింది; క్రేన్ అద్దె గంటగంటకీ పెరుగుతుంటుంది. మూడు మూలల్లో బోల్టులు దిగాయి, నాలుగోది మొండికేసింది. ఆ టెన్షన్‌లో ఎవరో ఒకరు "గ్యాస్ కటింగ్ పెట్టేద్దాం" అంటారు. పెట్టకండి. మంటతో కోసిన రంధ్రం అంచు గరుగ్గా మారుతుంది, వాషర్ సరిగా కూర్చోదు. అసలు తప్పు చాలాసార్లు ఆ రంధ్రంలో ఉండదు కూడా.

ముందు మాడ్యూల్‌ని ఎదురెదురు మూలల మధ్య ఏటవాలుగా, రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ కలవలేదంటే లారీలోనో, ఎత్తేటప్పుడో పెట్టె వంకర పోయింది. స్లింగులు (ఎత్తే తాళ్లు) ఏటవాలుగా లోపలికి లాగకుండా స్ప్రెడర్ బీమ్‌తో (తాళ్లను ఎడంగా ఉంచే దూలం) ఎత్తాలి. రెండూ కలిస్తే పెట్టె బాగానే ఉంది, కింద చూడండి.

3 మీటర్ల వెడల్పు మాడ్యూల్ కింద ఒక పక్క 3 మి.మీ. పల్లం ఉందనుకోండి. 12 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి గోడ 12 మి.మీ. ఒరుగుతుంది. ఎం20 (20 మి.మీ. మందం) బోల్టుకు మామూలు రంధ్రం 22 మి.మీ., అంటే వెసులుబాటు 2 మి.మీ. మాత్రమే. నాలుగో అంతస్తులో పడే తిప్పలు పునాది రోజే మొదలయ్యాయన్నమాట. మాడ్యూల్‌ని మళ్లీ లేపి, ఆటో లెవెల్‌తో (మట్టం చూసే పరికరం) చూసి, పల్లంలో ఉక్కు షిమ్ ప్లేట్లు (పలుచని సర్దుబాటు రేకులు) వేయండి. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు. మిగిలిన కొద్ది తేడాను డ్రిఫ్ట్ పిన్ (రంధ్రాలను ఒక వరుసకు తెచ్చే కొన తేలిన కడ్డీ) సర్దుతుంది. రంధ్రం పెద్దది చేయక తప్పదంటే డిజైనర్ ఒప్పుకున్నాకే, రీమర్‌తో (రంధ్రాన్ని నున్నగా పెద్దది చేసే పనిముట్టు) చేయండి.

పొద్దున దిగిన బోల్టు మధ్యాహ్నం దిగట్లేదా? అది ఎండ పని. పై మాడ్యూల్ కింది దానికంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, 12 మీటర్ల పొడవులో 4 మి.మీ. పైనే తేడా వస్తుంది. మే నెలలో అయితే కొలతలూ అమరికా ఎండ ముదరకముందే ముగించాలి.

బిగించాక కూడా టప్ మని చప్పుడొస్తే, ప్లేట్ల మధ్య రాపిడి చాలక అతుకు జారుతోందేమో చూడండి. హెచ్‌ఎస్‌ఎఫ్‌జీ (హై స్ట్రెంగ్త్ ఫ్రిక్షన్ గ్రిప్) బోల్టులు పనిచేసేదే ఆ రాపిడితో. ఉక్కు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 800 లెక్కలో షాట్ బ్లాస్టింగ్ (ఉక్కు గుళ్లు జోరుగా చిమ్మి శుభ్రం చేయడం) చేసిన ఉక్కుకు జారుడు గుణకం (ఎక్కువైతే పట్టు ఎక్కువ) 0.50, ఏమీ చేయనిదానికి 0.20. డిజైన్‌లో లేని పెయింటో, నూనో మధ్యలో పడితే ఎంత బిగించినా లాభం లేదు. విప్పి, శుభ్రం చేసి, కొత్త బోల్టులు వేయండి. మొదట అన్నింటినీ సగం బిగించి, ఆ తర్వాతే మధ్య నుంచి అంచులకు పూర్తిగా బిగించుకుంటూ రండి.